పడుకుని చూసిన జాగా

"మేం పోయాక విడివిడిగా పెట్టండి బాబూ. ఈయన సమాధి ఆ చివర, నాది ఈ చివర," అంది ఆవిడ.

శ్మశానం గుమస్తా నోరెళ్ళబెట్టాడు. "మొగుడూ పెళ్ళాలంతా జంట సమాధే అడుగుతారమ్మా!"

"వాళ్ళ మొగుళ్ళు గురక పెట్టరేమో. పెళ్ళయిన నాటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. చచ్చాకైనా పడుకోనివ్వండి."

భర్త ఇదేం పట్టించుకోలేదు. జీవితమంతా పరుపుల కొట్టు నడిపిన మనిషి. పడుకుని చూడకుండా ఏదీ కొనకూడదన్నది ఆయన సిద్ధాంతం. జంట సమాధికి ముగ్గుతో గీసిన జాగాలో, చెప్పులు విడిచి, ఓ వారగా వెల్లకిలా పడుకున్నాడు.

"గట్టిగానే ఉంది. నడుముకి మంచిది," అన్నాడు. ఆ వెంటనే గురక అందుకున్నాడు.

"విన్నారుగా? ఈ రొదకి ఇక్కడున్న వాళ్ళంతా లేచి కూర్చుంటారు, ఇక మీ ఇష్టం," అంది ఆవిడ.

అంతలో గురక ఠక్కున ఆగిపోయింది.

"హమ్మయ్య!" అన్నాడు గుమస్తా.

ఆవిడ మాత్రం ఒక్క పరుగున వెళ్ళి భర్త భుజాలు పట్టి కుదిపేసింది. "ఏమండీ! ఏమండీ!"

ఆయన కళ్ళు తెరిచి విసుక్కున్నాడు. "ఇక్కడ కూడా పడుకోనివ్వవా?"

ఆవిడ అక్కడే, ఆయన పక్కనున్న ఖాళీలో కూలబడింది. ఊపిరి కుదుటపడ్డాక గుమస్తాకేసి తిరిగింది.

"జంటదే రాసుకోండి బాబూ. గురక ఆగినప్పుడు ఈయన్ని కుదిపి లేపేదెవరు?"