అడిగినందుకే

చర్చి కింది వంటగదిలో బల్ల మీంచి కాఫీ కప్పు జారి పగిలింది.

వెర్నా వంగబోయింది.

"మీరుండండమ్మా, గుచ్చుకుంటాయి."

పెరటి తలుపులోంచి అప్పుడే వచ్చిన పెద్దాయన ఎవరో ముందే వంగి పెంకులు ఏరాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చొక్కా చేతులు మడిచి, సింకులో గిన్నెల పని అందుకున్నాడు.

ఎవరని ఆమె అడగలేదు. పొద్దుటి నుంచి మూడొందల మందితో చేతులు కలిపింది. భర్త రోలండ్‌ని మట్టి చేసి వచ్చి గంటయింది. కాళ్ళు పీకుతున్నాయి. స్టూలు మీద కూలబడి, తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకుంది.

హాల్లో హామ్ శాండ్‌విచ్‌లు తింటున్న మగవాళ్ళు అప్పుడే మాటల్లో ఆ పాత ఆట దగ్గరికి వచ్చేశారు. రోలండ్ ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి పదహారేళ్ళు కోచ్. ఎన్ని గెలిపించినా, జనానికి గుర్తున్నది ఎర్రజెండా విసిరి ఓడిపోయిన ఆ ఒక్కటే.

"చివరి రెండు నిమిషాల్లో ఎర్రజెండా విసరకూడదు."

"అది వేరే రూలురా మొద్దూ!"

"విరామం అడిగే టైమవుట్లు అయిపోయినా విసరకూడదు."

"మరింకెప్పుడు విసరాలి?"

"ఇంటికెళ్ళి మీ ఆవిడ ముందు విసురు."

"నాకు టైమవుట్లు పెళ్ళయిన ఏడాదే అయిపోయాయి."

నవ్వులు. తర్వాత ఎవరో గొంతు తగ్గించారు.

"రోలండ్ ఏం చేస్తాడు పాపం. స్టేడియం పైన గాజుగదిలో కూచుని హెడ్‌సెట్‌లో చెప్పేవాడు, ఆ ఎల్డన్‌గాడు, విసరమన్నాడు. విసిరాడు."

వెర్నా చేతిలో ప్లేటు ఆగింది.

"పన్నెండేళ్ళుగా ఇదే వింటున్నాను" అంది సింకు దగ్గరున్న మనిషితో. "అసలు ఆ రూలేమిటో నాకిప్పటికీ తెలీదు."

"ఎవరికీ తెలీదులెండి." ఆయన ప్లేటు కడిగి అందించాడు. "అవతలి జట్టువాడు బంతితో గీత బయట కాలు పెట్టి పరిగెత్తాడు. రిఫరీ చూసుకోక టచ్‌డౌన్ అని ఆరు పాయింట్లు ఇచ్చేశాడు. మామూలుగా అయితే కోచ్ జెండా విసిరి, వీడియో మళ్ళీ చూడమని అడగొచ్చు. టచ్‌డౌన్‌కి మాత్రం అడగక్కర్లేదు, రిఫరీలే వీడియో చూస్తారు. అక్కర్లేనప్పుడు అడిగితే, ఇక చూడటమే మానేస్తారు."

"అడిగినందుకా?"

"అడిగినందుకే."

"ఇదెక్కడి న్యాయం! వడ్డించబోతూ, ఆకలేస్తోందన్నాడని కంచం లాగేసినట్టుంది."

"మరుసటి ఏడు ఆ రూలు మార్చేశారమ్మా."

"మా ఇంట్లో ఏమీ మారలేదు."

పరాయివాడు కాబట్టే కాబోలు, మాట దానంతటదే వచ్చింది.

"ఆ ఎల్డన్‌ని నేనెప్పుడూ చూడలేదు. ఆ ఏడే చేరాడు, ఎప్పుడూ పైనే ఉండేవాడు. వారం తిరక్కుండా ఉద్యోగం ఊడింది. వాళ్ళావిడ మా గుమ్మంలోకి వచ్చి, 'జెండా వద్దనే అన్నారండీ మా ఆయన, మీ ఆయన్నే అడగండి' అంది. నేను ఆవిడ మొహం మీదే తలుపేశాను."

"అడిగారా?"

"అడిగాను. ఏమీ చెప్పకుండా పార తీసుకుని మంచు ఎత్తడానికి వెళ్ళిపోయాడు." వెర్నా ప్లేటుని మళ్ళీ మళ్ళీ తుడిచింది. "ఆ రోజు వాకిట్లో మంచే లేదు."

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"పేపర్లవాళ్ళు ఎల్డన్ విసరమన్నాడని రాశారు. మా ఆయన కాదనలేదు. ఇంకో మనిషి అన్నం తీసి మేం తిన్నామా? అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

ఆయన చేతులు సబ్బు నురగలో ఉండిపోయాయి. తర్వాత కుళాయి కట్టేశాడు.

"రిఫరీ మీద అంత కోపం వచ్చిన మనిషి చెవుల మీది హెడ్‌సెట్ లాగి పారేస్తాడమ్మా. పైవాడు వద్దని గొంతు చించుకున్నా వినపడదు. వాడేమన్నాడో విననివాడు మీకేం చెప్పగలడు? మీవారు అబద్ధమాడలేదు."

వెర్నా ఊపిరి వదిలింది. పన్నెండేళ్ళుగా బిగబట్టిన ఊపిరి.

ఆయన చేతులు తుడుచుకుని కోటు వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"ఆదివారాలు మాంసంలో ఇంకా ఎండు ప్రూన్స్ పళ్ళు వేసే వండుతున్నారా?"

"మీకెలా తెలుసు?"

"ఆయన అనేవారు. ఆట చివరి క్వార్టర్ మొదలయితే చాలు, 'తొందరగా కానీ బాబూ, వెర్నా ఓవెన్‌లో మాంసం పెట్టేసింది, ప్రూన్స్ మాడిపోతాయి' అని."

ఆమె నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటిసారి. నవ్వు ఆగేసరికి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఖాళీ ఫ్లాస్కుతో క్లిఫ్ లోపలికి వచ్చాడు. పదహారేళ్ళూ మైదానంలో రోలండ్ పక్కనే నిలబడ్డ సహాయకుడు.

"గిన్నెలన్నీ నువ్వే కడిగావా వెర్నా? మేమంతా చచ్చామా?"

"మీవాళ్ళే ఎవరో కడిగిపెట్టారు. ప్రూన్స్ మాడిపోతాయని రోలండ్ మీ అందర్నీ తొందరపెట్టేవాడట కదా?"

"ప్రూన్సా?" క్లిఫ్ నొసలు ముడిచాడు. "ఆట జరుగుతుంటే ఆయన నోట తిండి మాట నేనెప్పుడూ వినలేదే."

"పక్కనే ఉన్నావుగా."

"ఉన్నాను. ఆ ఆట ఓడిన ఏడు మాత్రం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని హెడ్‌సెట్ మైకులో ఏదో గొణిగి నవ్వుకునేవాడు. ఏమిటంటే చెప్పేవాడు కాదు."

వెర్నా గుడ్డతోనే మెట్లెక్కింది. సరస్సు మీంచి గాలి కొడుతోంది. ఆయన కారు నిలిపి వెళ్ళిన చోట, మంచు పడని చదరపు నేల మాత్రం మిగిలి ఉంది.

రోలండ్ మైకులో గొణిగిన మాట పైన గాజుగదిలో ఒక్కడికే వినిపించేది, ఎల్డన్‌కి.