అసలు చదువరి

"ఇది కూడా కాదు," అంది శ్రీలలిత.

పక్క కుర్చీలో దిలీప్ నిట్టూర్చాడు. "ఒక్కసారి తెరువ్ అక్కా. గొంతు విని నేనే చెప్త."

"ముద్ర కలవనిదాన్ని నేను తెరవను. లోపల ఎవరేం కలిపిండ్రో!"

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో పొద్దుటి నుంచి ఇదే పని. చూపు లేని దిలీప్ సోమవారం ఎమ్మే చరిత్ర పరీక్ష రాయాలి. ప్రశ్నపత్రాన్ని 'చదువరి' అనే ప్రోగ్రామ్ అతనికి పైకి చదివి వినిపించాలి. అది ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందుకే ఆ పేరుతో నెట్‌లో లెక్కలేనన్ని ఫైళ్లున్నాయి. దిలీప్‌కు అలవాటైన పాత అసలుది మాత్రం అతని ల్యాప్‌టాప్‌తో పాటే పోయింది.

పరీక్షల విభాగం నుంచి వచ్చిన సుందరరావు తలుపు దగ్గరే నిలబడ్డాడు. "కొత్త చదువరి ఉందిగా బాబూ. దానితో రాసెయ్యకూడదూ?"

"కొత్త గొంతు రైల్వే స్టేషన్ల చెప్పినట్టుంటది సార్. ప్రశ్న వింటుంటే మల్కాజ్‌గిరిల దిగాలనిపిస్తది." అందరూ నవ్వారు, దిలీప్ తప్ప. "డిగ్రీ నుంచి పుస్తకాలన్నీ పాత గొంతుతోనే విన్న. వేరేదైతే సగం మాటలు జారిపోతయ్. పోయినసారి గట్లనే ఫెయిలైన. ఈసారి కూడా పోతే ఇంట్ల చదువు బంద్ చేయిస్తరు."

"నాకూ బాధగానే ఉందయ్యా. కానీ జవాబులు లోపల దాచారని రేపెవరైనా అంటే? అసలుదే అని రుజువు కావాలి."

"రుజువున్నది సార్," అంది శ్రీలలిత. "చదువరిని చేసింది మా డిపార్ట్‌మెంటే. విడుదల చేసిననాడే దాని ముద్రను మా పేజీల పెట్టిండ్రు. అక్కడ ఫైలు పోయింది గాని ముద్ర ఉన్నది."

తెర మీద అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన పొడవాటి వరుస కనిపించింది. "హ్యాష్ అంటరు. ఫైలుకు వేలిముద్ర లెక్క."

ఆమె ఒక పెద్ద పుస్తకం ఫైలు తీసి, దాని ముద్ర చూపించింది. పుస్తకం మధ్యలో ఎక్కడో ఒక్క కామా చెరిపి మళ్లీ ముద్ర తీసింది. వరుస మొత్తం మారిపోయింది.

సుందరరావు కళ్లజోడు సర్దుకుని దగ్గరికొచ్చాడు. "ఒక్క కామాకేనా?"

"ఒక్క కామాకే."

"మళ్లీ పెట్టమ్మా."

పెట్టింది. మొదటి వరుస అక్షరం పొల్లుపోకుండా తిరిగొచ్చింది. ఆయన దేవుడి గదిలో నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు.

"ఇంకెవరో ఉన్నట్టున్నరు?" అన్నాడు దిలీప్.

"మా అక్క రజిని," శ్రీలలిత చెప్పింది. "తార్నాక నుంచి నాకు అన్నం డబ్బా తెచ్చింది."

"నమస్తే అక్కా!"

రజిని అతని చేయి తాకింది.

"అక్కకు మాటలు తక్కువ," అంది శ్రీలలిత.

"మా పెద్దమ్మను పంపుత. ఒక్కరోజుల నేర్పిస్తది."

రజిని భుజాలు కదిలేలా నవ్వింది.

"పేరుతో వెతికితే లాభం లేదు," అంటూ శ్రీలలిత మళ్లీ తెర వైపు తిరిగింది. ప్రపంచంలోని ప్రోగ్రాములను భద్రపరిచే ఒక భాండాగారం తెరిచి, వెతికే చోట ఆ వరుసను పెట్టింది.

ఒకే ఒక్క ఫైలు వచ్చింది. దాని పేరు చదువరి కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఎవరో, ఏ దేశంలోనో, ఇంకేదో పేరుతో దాచి ఉంచారు.

దాన్ని దింపుకుని ముద్ర తీసింది. సుందరరావు ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే ఆమె పాత వరుస మీద వేలు జరుపుతూ వచ్చింది. చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

"అదే!" ఆయన గొంతు తగ్గిపోయింది. "పేరు మారింది, దేశం మారింది. లోపల కామా కూడా కదల్లేదు. రాసుకోవయ్యా, నేను అనుమతిస్తాను."

శ్రీలలిత పాత ప్రశ్నపత్రం ఒకటి తెరిచి మీట నొక్కింది. ఒక ఆడగొంతు, చిన్నగా ఊపిరి తీసుకుని, నింపాదిగా మొదటి ప్రశ్న చదివింది.

"ఈమెనే!" దిలీప్ మొహం వెలిగిపోయింది. "ఎవరో, ఎక్కడుంటదో! దొరికితే కాళ్లు మొక్కుత."

రజిని అతని చేతిని గట్టిగా పట్టుకుంది.

గొంతు ఆపరేషన్‌కు ముందు ఆమె ఆ గొంతుతోనే మాట్లాడేది.