చక్రాల మీద తెల్లమచ్చలు

కార్లన్నీ వాటంతటవే నడిచే ఆ రోజుల్లో, ఏలూరులో చేత్తో కారు నడిపే అనుమతి నర్సు సలోమి ఒక్కదానికే మిగిలింది. కొల్లేటి లంకల గతుకుల దారుల్లో కాన్పులకు వెళ్ళాలంటే స్టీరింగ్ ఆమె పట్టుకోవాల్సిందే.

ఒక పొద్దున కారు మొరాయించింది. "నాలుగు అల్లాయ్ చక్రాలూ పాడయ్యాయి. మీరు నడిపినప్పుడు ఫుట్‌పాత్‌కు రాసుకున్నాయి. మీ అనుమతి రద్దయింది," అంది.

సలోమి పర్మిట్ల అధికారికి ఫోన్ చేసింది. "కారు అబద్ధమాడదమ్మా," అన్నాడాయన.

"పొరబడుతుంది కదండీ. లంకలో ఒకమ్మాయికి ఇవాళో రేపో కాన్పు. అసలు కారణం నేనే తేలుస్తాను."

చున్నీ నడుముకు బిగించి చక్రాల పక్కన కూర్చుంది. ఫుట్‌పాత్‌కు రాసుకుంటే అంచులు గీసుకుపోవాలి. అవి నున్నగా ఉన్నాయి. తెల్లమచ్చలన్నీ బోల్టుల గుంటల్లో, ఏదీ తగలని చోట ఉన్నాయి. అక్కడ ఏదో ద్రవం నిలిచి లోహాన్ని తినేసిందన్నమాట. మొన్న కారు తనంతట తాను వెళ్ళింది వాషింగ్ సెంటరుకే.

సలోమి డిక్కీలోని స్టెప్నీ తీసుకుని అక్కడికి వెళ్ళింది. చక్రాలు కడిగే ఖాసిం అరచేతులు పొక్కిపోయి ఉన్నాయి. "కొత్త మందమ్మా, యాసిడ్ ఘాటు. నేను చెబితే ఎవరూ నమ్మలేదు," అన్నాడు.

సలోమి తన స్టెప్నీ మీద ఆ మందు పోయించి, ఫోన్‌లో అధికారికి చూపించింది. పది నిమిషాల్లో అవే మచ్చలు తేలాయి.

"సరేనమ్మా, మీ అనుమతి మీకిచ్చేస్తున్నాను," అన్నాడాయన.

"ఫోన్ పెట్టకండి సార్," అంటూ సలోమి కెమెరాను ఖాసిం చేతుల మీదికి తిప్పింది. "వీటి సంగతి కూడా రాసుకోండి."