గంట కొట్టే మనిషి

“గోడ గడియారం ఈసారీ రాలేదన్నమాట,” అన్నాడు లైబ్రేరియన్, పుస్తకాల అలమరాల మధ్య బోసిగా ఉన్న మేకు వంక చూస్తూ.

“స్ప్రింగు దొరకలేదండీ. నా జేబు గడియారం ఉందిగా, మీకెందుకు బెంగ?” అన్నాడు గడియారాలాయన.

అదీ నిజమే. ఆయన కొట్టుకి మరమ్మతుకొచ్చిన గడియారాలు ఆయన మొహం చూసి టైము దిద్దుకుంటాయని వీధిలో వాళ్లు ఎకసెక్కమాడేవారు. సొంత అన్న రైలు తప్పిపోతుందన్నా ముల్లు వెనక్కి తిప్పే రకం కాదు. అందుకే లైబ్రరీలో ఏటా జరిగే అరగంట కవితల పోటీకి గంట కొట్టే పని ఆయనకే అప్పజెప్పేవారు.

ఈ ఏడు మాత్రం ఆయనకి కాళ్లూ చేతులూ ఆడటంలేదు. మూడో వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది.

ఆవిడ కుడిచేతి వణుకు ఇక తగ్గేది కాదని పోయిన నెలే డాక్టరు తేల్చేశాడు. వచ్చే ఏడాదికి చెంచా పట్టుకోవడమే గగనమట, కలం సంగతి మర్చిపోవాల్సిందేనట. పెళ్లినాటి నుంచీ ఆవిడ ఏదో రాస్తూ, రాసింది కొట్టేస్తూనే ఉంది. పూర్తయింది, చదవండి అని ఒక్క కవితా ఆయన చేతిలో పెట్టలేదు. ఆయనకని మొదలుపెట్టిన స్వెట్టరూ అంతే. మూడుసార్లు అల్లింది, మూడుసార్లు విప్పింది. చలికాలాలు వెళ్లిపోయాయి, ఊలు ఉండ బుట్టలోనే ఉండిపోయింది. “నీదంతా నత్తనడక!” అని ఆయన ఆటపట్టిస్తే ఆవిడ నవ్వి ఊరుకునేది.

“ఆ చేత్తో ఈ పోటీలెందుకు? ఇంట్లో తీరిగ్గా రాసుకోవచ్చుగా?” అన్నాడాయన పొద్దున.

“ఇంట్లో అయితే గంట కొట్టేదెవరండీ?”

ఆయన పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

“చెయ్యి పడిపోయేలోగా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పూర్తిచేస్తే చాలు నాకు,” అంది.

లైబ్రేరియన్ గొంతు సవరించుకున్నాడు. “ఫోన్లూ వాచీలూ గుమ్మం దగ్గర బుట్టలో వేసేశారుగా? మనిషికి ఒకటే కాగితం. పెన్నుతోనే రాయాలి. కొట్టేసినవి లెక్కలోకి రావు. గంట మోగితే ఎక్కడి పెన్ను అక్కడ ఆపేయాలి. ఈ ఏటి అంశం, కిటికీ.”

గంట మోగింది. తలలు వంగాయి. మొదటి వరసలో లెక్కల మాస్టారు అప్పుడే బుర్ర గోక్కోవడం మొదలుపెట్టాడు.

గడియారాలాయన చూపు ముల్లు మీద కన్నా మూడో వరస మీదే ఎక్కువ ఉంది. ఆవిడ ఎడంచేత్తో కుడి మణికట్టుని బల్లకి అదిమిపెట్టి రాస్తోంది. ఒక్కో అక్షరం బరువు మోస్తున్నట్టు రాస్తోంది. మధ్యలో పెన్ను జారి కింద పడింది. పరుగెత్తుకెళ్లి తీసివ్వాలనిపించింది ఆయనకి. గంట కొట్టేవాడు కుర్చీలోంచి లేవకూడదని నియమం. ఆవిడే వంగి తీసుకుంది.

అరగంట అయింది. ఆయన సుత్తి ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే ఆవిడ పెన్ను ఆపి, తలెత్తి, తిన్నగా ఆయన కళ్లలోకి చూసింది.

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగదు. కావలసిందేదైనా కళ్లతోనే అడిగేది. ఆ చూపు ఆయనకి కొట్టిన పిండి. ఇంకాస్త టైము, అంటోంది.

గడియారాలాయన సుత్తిని చప్పుడు కాకుండా కిందికి దించాడు. జేబు గడియారాన్ని బోర్లించాడు. పుట్టి బుద్ధెరిగాక టైము విషయంలో ఆయన చేసిన మొదటి దొంగతనం అది.

ఆవిడ ఇంకో క్షణం చూసి తల దించుకుంది. పెన్ను మళ్లీ కదిలింది, ఇందాకటికన్నా వేగంగా. ‘రాయవే, రాయి,’ అనుకున్నాడాయన.

“ఇంకా అవలేదా?” అని గొణిగాడు లైబ్రేరియన్.

“అయిపోవచ్చిందండీ,” అన్నాడు. ఐదు నిమిషాలు లాగాడు. ఆ పైన ధైర్యం చాలక గంట కొట్టేశాడు.

బహుమతి లెక్కల మాస్టారికొచ్చింది. “ఆఖరి పాదం దొరక్క చచ్చాననుకోండి! గంట మోగబోతుండగా తట్టింది. ఒక్క నిమిషం ముందు కొట్టుంటే నా కొంప మునిగేది,” అని అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

లైబ్రేరియన్ మొహమాటపడుతూ గడియారాలాయన భార్య కాగితం ఆయనకే ఇచ్చేశాడు. “ఏమీ అనుకోకండి. చదవడానికి ఏమీ మిగల్లేదు.”

పైన ‘కిటికీ’ అన్న పేరొక్కటే ఉంది. దాని కింద అన్నీ అడ్డగీతలు, వంకరటింకరగా, దట్టంగా, కింద ఏ అక్షరం ఉందో ఆనవాలు లేకుండా.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. కొట్లు కట్టేస్తున్నారు.

“చెయ్యి నొప్పెడుతోందా?”

“లేదండీ.”

“పోనీలే. వచ్చే ఏడు...” అనబోయి నాలిక కరుచుకున్నాడు. ఇక దాచుకోలేకపోయాడు. “నీకో మాట చెప్పాలి. అరగంట కాగానే నేను గంట కొట్టలేదు. నా వంక చూశావే, అప్పటికే టైము అయిపోయింది. నీకోసం ఐదు నిమిషాలు ఆపాను. ఇంకో పది ఆపితే ఒక్కటైనా నిలబడేదేమో. పిరికి వెధవని, నా వల్ల కాలేదు.”

ఆవిడ ఆగిపోయింది. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, వణికే వేళ్లతో నాలుగు మడతలు పెట్టి, ఆయన చొక్కా జేబులో గడియారం పక్కన దోపింది. కోపం కూడా లేదు ఆ మొహంలో.

“రాసిందంతా కొట్టేసింది ఆ ఐదు నిమిషాల్లోనేనండీ.”