మూడో నెల గాజు

నీలవేణి చేతికి తొడిగిన క్షణంలోనే గాజు ఎర్రబడింది.

గర్భిణులందరికీ ఈ గాజు తొడగటం ఇప్పుడు మామూలే. బిడ్డకు హాని చేసేదేది దగ్గరికొచ్చినా హెచ్చరిస్తుంది. అప్పటికే ఒంట్లోకి పోయినదాన్నీ పసిగడుతుంది.

“పురుగుమందు,” అంది నర్సు కరుణశ్రీ, గాజు మీద వచ్చిన అక్షరాలు చదివి. “ఎక్కడ పీల్చావమ్మా?”

“మిర్చి తోటల డ్రోన్లకి షెడ్డులో మందు కలిపేది నేనే. మొన్నటిదాకా వెళ్ళా.”

“బిడ్డకి గుండె తయారయ్యే రోజులవి. నెల తప్పగానే రావాల్సింది. ఈ గాజు వేసుకునుంటే ఆ షెడ్డు గడప తొక్కనిచ్చేది కాదు.”

నీలవేణి అత్తగారి వైపు చూసింది.

“మూడో నెల వచ్చేదాకా బయటపెట్టకూడదు గదమ్మా,” అంది వరాలమ్మ. “గాజు చూస్తే ఊరంతా తెలిసిపోద్ది, దిష్టి తగులుద్దని నేనే ఆపా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు, చేస్తాం.”

“ఇక మందు జోలికి పోనివ్వకండి. గుండె ఎలా ఉందో స్కానింగులో చూద్దాం. జరిగిపోయినదాన్ని గాజు చూపించగలదు, అంతే.”

వరాలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, గాజును కొంగుతో గట్టిగా తుడిచింది. ఎరుపు పోలేదు.

తలుపు తోసుకుని నీలవేణి భర్త తొంగిచూశాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది.

“అమ్మా, మూడో నెల వచ్చేసిందిగా. ఇక అందరికీ చెప్పెయ్యనా?”