బండి దాహం

"బండి కాగింది సామీ. నీళ్లు పట్టాల," అంటూ బాలస్వామి ఊరి బావి దగ్గర కారు ఆపాడు.

"మళ్లీనా? పోయిన వారం ఈడనే కాగె, అంతకుముందూ ఈడనే కాగె. దీనికి ఈ ఊరంటే అంత ప్రేమేందిరా?" అన్నాడు జనార్దనం.

నంద్యాలలో ఎరువుల కొట్టు ఆయనది. మిషన్ దొర సొంత దేశం వెళ్లిపోతూ అమ్మిన జర్మనీ కారును మోజుపడి కొన్నాడు. దొర దగ్గర పనిచేసిన డ్రైవరు బాలస్వామినీ కారుతోపాటే పెట్టుకున్నాడు. కొన్నాడే గానీ కారు సంగతి ఆయనకేం తెలుసు పాపం! ముందు మూత ఎత్తి చూసి, ఇంజను లేని బండి అంటగట్టారని మొదటిరోజే గగ్గోలు పెట్టిన మనిషి. ఇంజను వెనకుంటుందని బాలస్వామి చూపించాకే ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటినుంచి వారంవారం ఆళ్లగడ్డ ప్రయాణం కారులోనే.

ఎనభై మూడు ఎండాకాలం. చెట్టు కింద కూడా నిప్పులే. ఊరి పెద్దాయన కేకేసి జనార్దనాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో మజ్జిగ తెప్పించాడు.

"శెట్టి బండికి నీళ్లు నిండుగా పొయ్యండ్రా!" అని జీతగాళ్లకు చెప్పాడు.

బాలస్వామి రెండు టిన్నులు బావి గట్టు కింద పెట్టి ఇవతలికొచ్చి నిలబడ్డాడు. జీతగాడు తోడి పోశాడు. 'తోడుకునేదానికి కూడా ఒళ్లొంగదు వీనికి,' అని మనసులో విసుక్కున్నాడు జనార్దనం.

"నీళ్లు పట్టినాక రోంత దూరం తిప్పాల సామీ. అప్పుడే ఇంజను సల్లబడతాది. బేగా వస్తా," అని బాలస్వామి టిన్నులు ముందు డిక్కీలో పెట్టుకుని, దుమ్ము లేపుకుంటూ పోయాడు. మజ్జిగ అయిపోయేసరికి తిరిగొచ్చాడు. టిన్నులు ఖాళీ.

"అన్నీ తాగేసిందా?"

"తాగేసింది సామీ," అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని. ఆ తిప్పుకోవడమే జనార్దనానికి నచ్చలేదు.

మర్నాడు నంద్యాలలో మెకానిక్ దావీదు షెడ్డుకు వెళ్లాడు. దొర కాలం నుంచీ ఆ కారు చూసేది దావీదే.

"పెట్రోలు ఎక్కువ తాగుతాందప్పా ఈ మధ్య. నీళ్లు కూడా మరీ దారుణంగా తాగుతాంది."

"నీళ్లా?" దావీదు స్పానరు కింద పెట్టి నవ్వాడు. "నీళ్లెవరు పొయ్యమన్నారు శెట్టీ? దీంట్లో నాలుగు సిలిండర్లు. రెండు ఈపక్క, రెండు ఆపక్క అడ్డంగా పండుకోనుంటాయి. ఫ్యాను గాలికే సల్లబడతాయి. ఈ వంశంలో ఎన్ని ఇంజన్లొచ్చినాయో! చిన్నది పెద్దదాయ, బలం పెరిగె, కార్బురేటర్ మారె. అన్నీ మార్చినారు గానీ దేనికీ నీళ్లతొట్టి మాత్రం పెట్టలా. పొయ్యాలన్నా బొక్కే ల్యాదు!"

జనార్దనం మనసులో లెక్కలు కట్టాడు. మరి ఆ టిన్నులేంది? ఆ తిప్పడమేంది? నీళ్లు పారబోసి, టిన్నుల్లోకి పెట్రోలు తీసి, ఎవడికో అమ్ముకుంటున్నాడన్నమాట! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది తన గతి. నిన్నటిదాకా వాణ్ణి ఇంటి మనిషిలా చూశాడు.

"ఈసారి దొరకనీ. ఆడనే తాళం గుంజుకుంటా," అన్నాడు.

"రోంత నిదానించు శెట్టీ. వానింట్లో పొయ్యి వెలిగేది నీ జీతంతోనే."

"ఇంట్లో వెలిగించుకునేదానికి నా కొంప ముట్టిస్తాడా?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. శెట్టి పట్టగలడని వారమంతా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

వారం తిరిగింది. అదే ఊరు, అదే బావి. పెద్దాయన మజ్జిగకు పిలిచాడు. టిన్నులు నిండాయి. జనార్దనం మాత్రం కారు దిగలేదు.

"ఈరోజు మజ్జిగొద్దు. తిప్పేదానికి నేనూ వస్తా. పోనీ."

బాలస్వామి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎండ సామీ... ఆ దావ బాగుండదు."

"పోనీమన్నానా!"

కారు రోడ్డు దిగింది. తుమ్మచెట్ల నడుమ ఎగిరెగిరిపడుతూ ఒక మిట్ట ఎక్కింది. మిట్ట మీద ఆ ఊరివే, విడిగా ఉన్న గుడిసెలు, ఒక రేకుల చర్చి. కారు చప్పుడు వినగానే ఆడవాళ్లు బిందెలతో బయటికి ఉరికివచ్చారు. శెట్టిని చూసి ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు.

'కొనేటోళ్లు కూడా తయారుగా ఉండారే!' అనుకున్నాడు జనార్దనం.

"తాళమియ్యి."

బాలస్వామి ఇచ్చాడు. జనార్దనం డిక్కీ తెరిచి, టిన్ను మూత తీసి వాసన చూశాడు. పెట్రోలు కాదు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. రెండో టిన్ను కూడా చూశాడు. రెండింట్లోనూ నీళ్లే.

"ఏందిరా ఇది?"

"ఈడ మా చెల్లెలు దెబోరా ఉండాది సామీ. వాగులో చెలమ ఎండి నెలాయ. పిల్లోళ్లు బురదనీళ్లు తాగి మంచాన పడినారు. అందుకని..." టిన్నుల వైపు చూపించాడు. "పెట్రోలు తిరుగుడుకే అయ్యింది. జీతంలో పట్టుకోండి."

జనార్దనానికి కోపం దిగింది. అనుమానం మాత్రం ఇంకా దిగలేదు.

"నీళ్లే కదరా! దానికిన్ని నాటకాలేంది? బండి కాగిందని అబద్ధాలేంది? బావి నిండా నీళ్లుండాయి, పెద్దాయన మంచోడు. ఈ పేటకు కావాలని అడిగితే పొయ్యరా?"

బాలస్వామి తలెత్తి ఆయన కళ్లలోకి చూశాడు.

"బండికైతేనే పోస్తారు సామీ."