గాలికి తిరిగిన పేజీ

పాతికేళ్ల కిందట, రెబెకాను ఏడో తరగతిలోనే ఇంకో ఏడాది ఉంచుతానని, ఈలోగా నేను ఆమెకు ఇంగ్లీషు చదవడం నేర్పొచ్చని మా బడి హెడ్మాస్టర్ చెంగల్రాయులు నాకు మాటిచ్చాడు.

ఇన్‌స్పెక్షన్ నాడు ఆ పిల్ల కంఠతా పట్టిన పాఠాన్ని గడగడా ఒప్పజెప్పింది. వచ్చిన అధికారి చదివిందనుకుని మెచ్చుకున్నాడు. చెంగల్రాయులు ఆమెను ఎనిమిదికి పంపేశాడు.

"ఆయప్పే మెచ్చుకున్న్యాడు. నీకేంటికబ్బా నొప్పి?" అన్నాడు నాతో.

మొన్న రెబెకా పూతలపట్టు నుంచి బస్సెక్కి చిత్తూరులో మా ఇంటికి వచ్చింది. వెంట ఏడో తరగతి కూతురు. తిరుపతిలో ఒక హాస్టలు బడిలో సీటుకు వచ్చే వారం ఆ పిల్ల చేత ఇంగ్లీషు చదివించి చూస్తారట.

"ఒగసారి ఇనండి సార్. సీటు రాకుంటే ఇదీ నా మాదిరే గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు తరగాల్సిందే."

పిల్ల కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టింది. ఎక్కడా తడబాటు లేదు. మధ్యలో గాలికి పేజీ తిరిగిపోయింది. గొంతు మాత్రం ఆగలేదు. పాతికేళ్లుగా నా చెవుల్లో మోగుతున్న గొంతే అది.

నేను మరో పాఠం తీసి ఇచ్చాను. పిల్ల దాన్ని చూసి, తల్లి వైపు చూసింది. రెబెకా పుస్తకం అందుకుని అక్షరాల మీద చాలాసేపు వేలు కదిపింది.

"ఇది బళ్లో ఇంకా సెప్పలేదంట సార్. మీరొగసారి పైకి సదవండి, పట్టేసుకుంటాది. నేనూ అట్లనే గదా నేర్చుకునింది."

చెంగల్రాయులు ముంచింది ఒక్క పిల్లనే అనుకున్నాను ఇన్నేళ్లూ.